రావడానికి దాచిన దమ్ము

ఆ కొండ పేరు చెప్పను. చెబితే మీరు వెంటనే ఫోన్లో వెతుకుతారు. దాని శిఖరం మీద చేతులు చాపి నవ్వుతున్నవాళ్ల ఫొటోలు వరసగా వస్తాయి. నేను అంత దూరం పోయి కూడా చూడలేకపోయినదాన్ని మీరు కుర్చీలో కూర్చుని బొటనవేలితో జరుపుకుంటూ చూసెయ్యడం నాకిష్టం లేదు. ఉత్తరాఖండ్‌లో ఒక కొండ. అంత తెలిస్తే చాలు.

మేముండేది గోదావరిఖనిలో, బొగ్గు కంపెనీ క్వార్టర్లో. మా డాబా ఎక్కితే కొండలు కనబడతాయి. అవి దేవుడు పెట్టినవి కావు, ఓపెన్‌కాస్టు గనిలోంచి తవ్విన మట్టిని తెచ్చి పోసిన గుట్టలు. లోకంలో కొండలు ఉన్నచోట ఉన్నంతే ఉంటాయి. మావి ఏటేటా పెరుగుతాయి. ఎండాకాలం అటునుంచి గాలి తోలిందంటే ఆరేసిన బట్టలన్నీ మళ్లీ బకెట్లో వేసుకోవాలి. పెళ్లయి వచ్చినప్పటి నుంచి నా కళ్లకు కొండలంటే అవే.

నేను బళ్లో సోషల్ చెబుతాను. హిమాలయాల పాఠం ఏ ఏడూ తప్పదు. గోడకు పటం తగిలించి, కర్రతో తెల్లటి గీత వెంబడి ఆ చివర నుంచి ఈ చివరకు జరుపుతూ, శిఖరాల పేర్లు ఒకటొకటిగా చెబుతాను. పోయిన ఏడు అదే పాఠం చెబుతుంటే, ముందు బెంచీలో ఉండే ఒక పిల్ల లేచి అడిగింది.

"మంచు ఎట్లుంటది టీచర్?"

"తెల్లగా, చల్లగా ఉంటుంది."

"మీరు చూసిన్రా?"

క్లాసంతా నా మొహంలోకి చూసింది. అందరూ గనికార్మికుల పిల్లలే. అబద్ధం చెబితే పట్టేసే మొహాలు. "లేదు" అన్నాను. "మరి ఎట్ల చెప్తున్నరు?" అని ఆ పిల్ల ఎగతాళికి అనలేదు, నిజంగానే తెలియక అడిగింది. అందుకే మరీ మండింది నాకు. దసరా సెలవుల్లో పోయి చూసి వచ్చి చెబుతానని, ఆ కోపంలోనే, యాభై మంది ముందు మాట ఇచ్చేశాను.

మా ఆయన గనిలో సర్దారు. సర్దారంటే, తనతో దిగిన మనుషుల మంచిచెడ్డలు చూసుకుని, పైకప్పు గట్టిగా ఉందో లేదో తట్టి చూసి, షిఫ్టు అయ్యాక అందరినీ పైకి తీసుకురావలసిన మనిషి. లోపల ఆయన "ఆగు" అంటే ఆగాలి, "తిరుగు" అంటే తిరగాలి. ఎందుకని అడగకూడదు. అడిగేలోపు కప్పు కూలవచ్చు. ఆ పద్ధతి అక్కడ న్యాయమే. కానీ ఆ సర్దారు గని దగ్గర ఆగిపోకుండా ఇంటికి కూడా వస్తాడు. ఏ కూర వండాలో, ఏ ఫ్యాను ఆపాలో, ఎవరి పెళ్లికి పోవాలో అన్నీ రెండు ముక్కల్లో తేల్చేస్తాడు. ఇంకొక అలవాటు ఉంది. డ్యూటీ నుంచి వచ్చి నేరుగా ఇంట్లోకి రాడు. బయట మెట్టు మీద కూర్చుంటాడు. పిలిస్తే పలకడు. "అన్నం చల్లారుతోంది" అని నేను లోపలి నుంచి ఎన్నిసార్లు అరిచానో, అన్నిసార్లూ ఆ అరుపు గాలికే పోయింది.

కంపెనీవాళ్లకు ఊళ్లు తిరగడానికి సెలవు దొరుకుతుంది. మా వాడలో దాన్ని తిరుపతికో షిరిడీకో వాడతారు. మా చర్చివాళ్లయితే వేళాంకణ్ణికి. ఈసారి మేము మంచుకొండ ఎక్కడానికి పోతున్నామనగానే మా అత్తమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"మాత దగ్గరికి పోక గుట్టలెక్కుడేంది బిడ్డా? గుట్టలు ఈడ లేవా?"

"ఈడివి మట్టిగుట్టలత్తమ్మా."

"అదీ మన్నే గదనే" అంది. ఆమెతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు.

బళ్లో నాతో పనిచేసే ఒకావిడ జ్యోతినగర్ నుంచి వస్తుంది. భర్త కరెంటు ప్లాంటులో ఇంజినీరు. వాళ్లు కొండలకు ఏటా పోతారు. సలహా అడుగుదామని స్టాఫ్‌రూములో ఆమె పక్కన కూర్చున్నాను. మా సెలవు ఎంతో విని ఆమె జాలిగా నవ్వింది. "అంత తక్కువ టైములో ట్రెక్ ఏంటండీ? కొండలకి టైమివ్వాలి. మీరు ఊటీ పోయి రండి, హాయిగా ఉంటుంది" అంది. కొండలకు టైమివ్వాలట! మా ఇంట్లో ఉన్న టైమంతా భూమికి ఇచ్చేశాం, కొండలకు ఎక్కడి నుంచి తేవాలి? ఆ మాట పైకి అనలేదు. టీ గ్లాసు కడగకుండా ఆమె ముందే పెట్టేసి వచ్చాను.

అసలే తక్కువైన సెలవు ఇంకా తక్కువైంది. తోటి సర్దారు ఒకాయన జ్వరంతో దవాఖానలో చేరాడు. దాంతో మా ఆయనకు ఇస్తామన్న సెలవులో సగం కోసేశారు. దసరా అయిన మర్నాడే డ్యూటీలో ఉండాలన్నారు. రామగుండంలో రైలెక్కి ఢిల్లీ పోయి, అక్కడి నుంచి కొండ కిందికి చేరడానికే ఉన్నదాంట్లో చాలా భాగం పోతుంది. తిరుగు రైలు టికెట్లు మార్చి ఇంటికి వచ్చి, ఆయన వాటిని టీవీ మీద పెట్టాడు. "ఇచ్చిన కాడికి పోదాం" అన్నాడు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆయన అనకపోవడమే నాకు ఒళ్లు మండించింది. నా మీద నోరు లేస్తుంది గానీ సెలవు కోసినవాళ్ల మీద లేవదు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, చాప మీద ఫోన్లు పెట్టుకుని ఇద్దరం కొండ ఎంచడానికి కూర్చున్నాం. మూడు దొరికాయి. ఒకటి పెద్దది, గుడారాల్లో రోజుల తరబడి నడవాలి. దాన్ని చూసి దణ్ణం పెట్టి పక్కన పెట్టేశాం. రెండోది మధ్యరకం. పైన ఒక చెరువు, దాని ఒడ్డున ఎండాకాలంలో కూడా కరగని మంచు. చేత్తో తీసుకోవచ్చు. నా మనసు దాని మీద పడింది. సంచిలో కాకపోయినా అరచేతిలోనైనా పట్టుకుంటే, అది ఎట్లుంటదో ఆ పిల్లకు చెప్పొచ్చు. మూడోది చిన్నది. పొద్దున ఎక్కి సాయంత్రానికి దిగేది. అక్కడ మంచు తాకడానికి ఉండదు. శిఖరం అంచు మీదికి పోతే అవతల మంచుకొండల వరస మొత్తం కనబడుతుంది. ఇవతల నుంచి ఏమీ కనబడదు.

"రెండోది మనకు సరిగ్గా సరిపోతుంది, చూడు. ఎక్కడానికి ఐదు గంటలు, దిగడానికి మూడు. మర్నాడు బస్సెక్కొచ్చు" అన్నాను.

ఆయన ఫోను తీసుకుని, కళ్లజోడు పైకి జరిపి, చాలాసేపు చూశాడు.

"ఉల్టా రాసిండ్లు. పొయ్యేటప్పుడు మూడు, వచ్చేటప్పుడు ఐదు ఉండాలె."

"కొండయ్యా అది! వచ్చేటప్పుడు దిగుడు."

"దిగుడు సులువని నాకెర్క లేదా? కని మనిషి అలిసిపోయి వస్తడు గద. వచ్చుడెప్పుడు పొయ్యినదానికంటె ఎక్కువనే అయితది. తక్కువైన దినం నేనైతె చూడలే."

ఆ లెక్కన ఐదు గంటలు ఎక్కితే దిగడానికి ఏడెనిమిది పట్టాలి. చీకటి పడుతుంది, అక్కడే ఉండిపోవాలి, బస్సు పోతుంది, బస్సు పోతే రైలు పోతుంది. నేను ఎన్ని చెప్పినా ఆయన వేళ్ల మీద లెక్క అటే తిరిగింది. నడక గురించి నాకేం తెలుసు, రోజూ నడిచేవాడు ఆయన కదా అని చివరికి నేనూ ఊరుకున్నాను. చెరువు పోయింది, మంచు పోయింది. తాకడం పోయినా చూడటమైనా మిగిలిందిలే అని మూడోదానికి ఒప్పుకున్నాను. అప్పటికీ కోపంగానే ఉంది. ఆ పూట అన్నం గిన్నె ఆయన ముందు కాస్త గట్టిగానే పెట్టాను.

ఆ రోజు నుంచి తెల్లవారగానే స్టేడియం చుట్టూ తిరిగేదాన్ని. బళ్లో మెట్లు ఎక్కి దిగేదాన్ని, పిల్లలు నవ్వినా సరే. మా ఆయన మాత్రం కాలు కదపలేదు. "నాకు ప్రాక్టీసేంది? నేను రోజు ఎక్కెటోన్నే" అన్నాడు. గొప్పలు పోతున్నాడనుకున్నాను.

బత్కమ్మ పాటలు వాడల్లో వినబడుతుండగా రైలెక్కాం. ప్రయాణం గురించి చెప్పడానికేమీ లేదు. నడుము విరిగింది. కొండ కింద ఊళ్లో దిగేసరికి గాలి ముక్కు పుటాల్ని కోస్తోంది. రామగుండం ఎండలో కాగిన ఒంటికి ఆ చలి ఎంత బాగుందో చెప్పలేను. మర్నాడు పొద్దున మాకు దారి చూపే మనిషి వచ్చాడు. అక్కడివాడే, హిందీలో మాట్లాడాడు. మా ఇద్దరికీ ఆయనొక్కడే. దట్టంగా పొగమంచు. నాలుగు అడుగుల అవతల చెట్టు కనబడటం లేదు. పైకి పోతే తెరుచుకోవచ్చు అన్నాడు.

నడక మొదలుపెట్టాం. నేను గసపెడుతూ, ఆగుతూ, మళ్లీ ఉరుకుతూ ఎక్కాను. మా ఆయన చిన్న చిన్న అడుగులు వేస్తూ ఒకే తీరుగా నడిచాడు. నెత్తి మీద ఆకాశం తప్ప ఏమీ లేకపోయినా తల వంచే నడిచాడు. దారి పక్కన బండ వాలి ఉంటే చేతికర్రతో రెండు దెబ్బలు తట్టి, చప్పుడు విని, అప్పుడు దాని కింది నుంచి పోనిచ్చాడు మమ్మల్ని. దారి చూపే మనిషికి నవ్వొచ్చింది. నాకు సిగ్గేసింది.

అడవి అయిపోయి గడ్డిబయలు వచ్చింది. ఒక చిన్న రాతిగుడి. దాని వెనక నుంచి చివరి ఎక్కుడు. పైనుంచి నలుగురు కుర్రవాళ్లు దిగి వస్తూ, పైన అంతా తేటగా ఉంది, ఒక్క మబ్బు లేదు, మీరు అదృష్టవంతులు, తొందరగా పోండి అని హిందీలో చెప్పారు. నాకు ఏడుపొచ్చినంత సంతోషమైంది. కొంగు నడుముకు బిగించాను. వెనక్కి చూస్తే మా ఆయన నిలబడిపోయాడు. గుండె మీద చెయ్యి పెట్టుకుని, గడియారం చూసుకుంటున్నాడు.

"సగమయింది" అన్నాడు.

"ఏం సగం?"

"దమ్ము. ఇగ తిరుగుదాం."

మొదట నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మబుద్ధి కాలేదు.

"గంట కూడ లేదట! విన్నవా లేదా?"

"గంటనో గడియనో. సగం ఒడిసినంక ముందుకు పోవద్దు. ఉన్న సగం వచ్చుటానికి."

"నాది ఒడువలే! నాది నిండుగ ఉన్నది. నువ్వీడ కూసో, నేను చూసొస్త."

"కలిసి పొయినోళ్లం కలిసే రావాలె" అన్నాడు, గనిలో తన మనుషులతో అనే గొంతుతో. "తీస్కపోవుడు ఎవలన్న జేస్తరు. తీస్కచ్చుడు నా పని."

దారి చూపే మనిషి వంక చూశాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. గుండె మీద చెయ్యి పెట్టుకున్న మనిషిని అంత ఎత్తున ఒక్కణ్ని వదిలి రాలేనన్నాడు. మా ఆయనకేం రోగం లేదు, అది ఆయన లెక్క చూసుకునే పద్ధతి అని ఎంత చెప్పినా వినలేదు. నేను ఒక్కదాన్నే పది అడుగులు ఎక్కాను. పిలుస్తారేమోనని చూశాను. ఎవరూ పిలవలేదు. మా ఆయన అప్పటికే దిగడం మొదలుపెట్టాడు. వెనక్కి తిరిగి చూడటం లేదు. తాను తిరిగితే మనుషులు తన వెనకే వస్తారని ఆయనకు నమ్మకం. ఇన్నేళ్లలో ఎవరూ రాకుండా లేరు. నేనూ వెళ్లాను. ఎందుకు వెళ్లానో ఇవాళ్టికీ నన్ను నేను అడగను, ఆ జవాబు నాకు పడదు.

దిగుతున్నంతసేపూ తిడుతూనే ఉన్నాను. ఆయనను తిట్టాను, ఆయన గడియారాన్ని తిట్టాను, సెలవు కోసినవాళ్లను తిట్టాను, టైమివ్వాలని చెప్పినావిడను తిట్టాను, ఆఖరికి ఎదురొచ్చిన గుర్రాన్ని తిట్టాను. ఎక్కేటప్పుడు నా ప్రాణం తీసిన దారి దిగేటప్పుడు కాళ్ల కింది నుంచి జారిపోయింది. ఇంకా మధ్యాహ్నమన్నా కాకముందే కిందనున్న టీ కొట్టు దగ్గరున్నాం. పొగమంచు విడిపోయి ఎండ కాస్తోంది. తలెత్తి చూస్తే పైన, ఆ అంచు మీద, చీమల్లా మనుషులు కదులుతున్నారు.

నేను బెంచీ మీద కూలబడ్డాను. టీ గ్లాసు అందుకున్నాను. మా ఆయన కూర్చోలేదు. టీ తాగేసి, గ్లాసు పెట్టి, అటూ ఇటూ నడిచాడు. మేము వచ్చిన దారిలో నాలుగడుగులు పైకెక్కి మళ్లీ దిగాడు. గడియారం చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తర్వాత దారి చూపే మనిషిని మీ టైమెంత అని అడిగాడు. రెండూ ఒకటే.

"గింత జల్ది ఎట్ల దిగినం?" అన్నాడు.

"దిగుడు గనుక!" అని అరిచాను. టీ కొట్టువాడు ఉలిక్కిపడ్డాడు. "దిగుడయ్యా ఇది! గుట్ట! పోతే ఎక్కుతం, వస్తే దిగుతం! పసిపిల్లలకు తెలుస్తది గీ ముచ్చట! ఆ చెరువుకు పోతే సుతం పొద్దుండంగనే దిగుతుంటిమి! ఏం ముఖం పెట్టుకొని చెప్పాలె నేను పిల్లలకు?"

ఆయన నా అరుపు విన్నట్టు లేదు. చెయ్యి మళ్లీ గుండె మీద పెట్టుకున్నాడు. మొహంలో నేనెప్పుడూ చూడని బిత్తరపాటు.

"సగం దాచి పెట్టిన" అన్నాడు మెల్లగా. "ఇంటికి రావాలె గదా అని. మొత్తం అట్లనే ఉన్నది."

"ఏంది?"

"దమ్ము. ఇంటికొచ్చెటప్పటికి ఎన్నడు ఇంత మిగల్లే నాకు."

తిట్టడానికి నోరు తెరిచి ఉన్నాను. గ్లాసు బెంచీ మీద పెట్టేశాను.

ఆయన పనిచేసేది ఏటవాలుగా భూమిలోకి దిగే గని. పొద్దున పోయేటప్పుడు దిగుడు, పని అయ్యాక వచ్చేటప్పుడు ఎక్కుడు. మనుషుల్ని మోసే కుర్చీలు ఒక తాడుకు వేలాడుతుంటాయి గానీ అవి నడిచిన రోజున నడుస్తాయి, నడవని రోజున లేవు. ఇదంతా నాకు తెలియనిది కాదు. గనికార్మికుని పెళ్లాన్ని, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? కానీ తెలిసిన సంగతి ఎక్కడో ఉంది, నేను అన్నం గిన్నె పట్టుకుని అరిచేది ఇంకెక్కడో ఉంది. చేతనైనదంతా బొగ్గుకు పెట్టాక, ఇంటికి రావడానికి ఆ మనిషి కొండ ఎక్కుతాడు. ప్రతిరోజూ. ఏ శిఖరమూ ఉండదు ఆ చివర, మా క్వార్టరు మెట్టు తప్ప.

కోపం తగ్గిందని అనుకోకండి. ఇంకా పెరిగింది. అంతవరకు అది ఆ మనిషి ఒక్కడి మీదే ఉండేది, పట్టుకుని అరవడానికి వీలుగా ఉండేది. ఇప్పుడు ఎవరి మీద అరవాలి? సెలవు కోసిన చేతికి మొహం లేదు, తాడుకు వేలాడే కుర్చీలకు చెవులు లేవు. మర్నాటి రైలుకు టికెట్లు జేబులో ఉన్నాయి. ఆ మధ్యాహ్నం బస్సెక్కకపోతే అది అందదు, మళ్లీ ఎక్కే వీలు లేదు. ఆయన నిండు దమ్ముతో టీ కొట్టు ముందు నిలబడి, ఖర్చు పెట్టే చోటు లేక, ఆ శిఖరం వైపు చూస్తూ ఉన్నాడు. రైల్లో ఇద్దరం కిటికీ లోంచి చూస్తూ కూర్చున్నాం, ఎవరి వైపు వాళ్లు.

సెలవులయ్యాక క్లాసులోకి పోయాను. పటం గోడకే ఉంది. యాభై మందీ కాచుకుని ఉన్నారు.

"చూసిన్రా టీచర్?" అంది ముందు బెంచీ పిల్ల.

"చూడలేదు."

"ఎందుకు?"

చెబుదామనుకున్నాను. పొగమంచు అడ్డమొచ్చిందని, టైము చాలలేదని, ఏదో ఒకటి. కానీ కర్ర బల్ల మీద పెట్టి, నాకే తెలియకుండా ఒక ప్రశ్న అడిగాను.

"మీ నాయిన డ్యూటీ నుంచి రాంగనే ముందుగాల ఏం జేస్తడు?"

అంత తేలికైన ప్రశ్న ఎందుకడిగానో ఆ పిల్లకు అర్థం కాలేదు.

"కూసుంటడు టీచర్" అంది.

"ఎక్కడ?"

"బయటనే. మెట్టు మీద."

"మా నాయిన సుతం" అన్నాడు వెనక బెంచీవాడు. తర్వాత ఇంకొకరు. తర్వాత క్లాసంతా చేతులెత్తి, మా ఇంట్లో కూడా, మా ఇంట్లో కూడా అని ఒకరి మీద ఒకరు అరవడం మొదలుపెట్టారు, సరైన జవాబు తమకు కూడా తెలుసని సంబరంగా.